మిట్ట మీది రాయి

ఆ బండి వచ్చేది చెవికి తెలియదు. పాత డీజిల్ ఆటో ఉన్నప్పుడు, అది ఊరి కింద వంక దాటుతుండగానే దాని దగ్గు వినబడేది. ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి బిందెలూ క్యాన్లూ పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు నీళ్ళ కంపెనీవాళ్ళు కరెంటు ఆటోలు దించారు. తలుపు తీసి చూస్తే బండి వాకిట్లో నిలబడి ఉంటుంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు.

మూడు చక్రాల బండి. వీపు మీద మనిషెత్తు ట్యాంకు, ట్యాంకు చుట్టూ పచ్చటి రేకు పెట్టె, పెట్టె మీద గ్లాసు పట్టుకుని నవ్వుతున్న పాప బొమ్మ. బొమ్మ దూరానికి కూడా కనబడాలని పెట్టెను వెడల్పు చేయించారట. దాంతో డ్రైవరు అద్దాలు రెండింటిలోనూ ఆ పాప మోచేతులు తప్ప ఇంకేమీ కనబడవు. కుళాయిలేమో పెట్టె వెనక ఉన్నాయి. నీళ్ళు పట్టుకునే జనమంతా నిలబడేది అక్కడే.

చదునుగా ఉన్న ఊళ్ళకు ఈ బండి సరిపోతుందేమో. మా నల్లగుట్టపల్లె ఊరంతా ఒక మిట్ట. వంక దగ్గర మొదలైన సిమెంటు రోడ్డు పీర్ల చావిడి దాకా ఒకటే ఎక్కుడు, అటూ ఇటూ ఇళ్ళు. బోరునీళ్ళు తాగితే పళ్ళు గారపట్టి మోకాళ్ళు బిగుసుకుపోతాయి కాబట్టి, కొత్తచెరువు టౌను నుంచి ఫిల్టరు నీళ్ళు రాని రోజు ఊరికి గడవదు.

ఆ నీళ్ళు తెచ్చేవాడు ఊరివాడే. ఇమాం హుస్సేన్ కొడుకు జమీల్.

కొత్త బండి చేతికొచ్చిన కొన్నాళ్ళకే జమీల్‌కు దాని గుణం తెలిసింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మిట్ట మీద ఆపి హ్యాండుబ్రేకు లాగితే నిలబడినట్టే నిలబడుతుంది. కాసేపటికి లోపల నీళ్ళు ఒకసారి ఊగుతాయి. సీటు కింద టక్‌మని బ్రేకు పళ్ళచక్రం ఒక పన్ను జారుతుంది. బండి బెత్తెడు వెనక్కి వస్తుంది. మళ్ళీ నీళ్ళు ఊగుతాయి. మళ్ళీ టక్.

అదే కంపెనీలో పనిచేసే కేశవ ఆ చప్పుడును లెక్కచేయలేదు. గుట్టకు అవతలి ఊళ్ళో బండి ఆపి, వెనక నిలబడి కుళాయి తిప్పుతుండగా బండి అతని మీదికి జారి గోడకేసి అదిమింది. తొడ ఎముక విరిగింది. అతనే బ్రేకు సరిగా లాగలేదని కంపెనీవాళ్ళు తేల్చేశారు. ఆ రోజు నుంచి డ్రైవర్లందరూ రాళ్ళను నమ్ముకున్నారు. బండి ఆపగానే దిగి, వెనక చక్రం కింద ఒక రాయి తోసి, ఆ తర్వాతే కుళాయి ముట్టుకునేది.

పెట్టడం సులువే. తీయడమే కుదరదు. రాయి తీసి వచ్చి సీట్లో కూర్చునేలోపు బండి జారిపోతుంది. అందుకని రాయి ఉండగానే ఎక్కి, ముందుకు తోలుకుని పోవాలి. రాయి రోడ్డు నడుమ మిగిలిపోతుంది. దానికోసం మళ్ళీ ఆపితే, ఆపినచోట మళ్ళీ రాయి కావాలి. వెనక ఇంకో మనిషి ఉంటే ఈ బాధ లేదు. కొత్త బండ్లతో పాటే కంపెనీ క్లీనర్లను మాన్పించింది.

అలా మిగిలిన రాయిని తమ ఇంటి ముందర మొదటిసారి చూసింది జమీల్ అక్క నజ్మా. చూసి, చేతిలో చేట కింద పెట్టి, అరుగు మీద కూలబడింది.

ఆమె మొగుడు అజ్మతుల్లా పోయింది అలాంటి రాయి వల్లనే. గుత్తి నుంచి మోటారు సైకిల్ మీద వస్తున్నాడు. పొద్దు వాలింది. ఎవరో లారీవాడు టైరు కింద పెట్టుకుని, పని కాగానే వదిలేసి పోయిన రాయి చీకట్లో రోడ్డు రంగులో కలిసిపోయి ఉంది. అప్పటి నుంచి నజ్మా పుట్టింట్లోనే మిషను కుట్టుకుంటోంది. అప్పటి నుంచే ఇమాం హుస్సేన్‌కు ఒక అలవాటు పట్టుకుంది. దారిలో ఎక్కడ రాయి కనబడినా వంగి తీసి పక్కన పెడతాడు. సంతకు పోతున్నా అంతే, పెళ్ళికి పోతున్నా అంతే. బస్సు కిటికీలోంచి చూసి, కండక్టరును బతిమాలుకుని దిగిపోయి తీసిన రోజులు కూడా ఉన్నాయి. దారిలో అడ్డం తీయడం కూడా సదకా, అంటే దానం, చేసినట్టేనని మసీదులో విన్న మాట ఆయనకు బాగా పట్టింది.

"ఎవుని రాయి ఇది?" అన్నాడు ఆయన, రోడ్డు మీద నిలబడి.

లోపలి నుంచి నజ్మా తల్లి రసూల్‌బీ, "నీ కొడుకుదే. పొద్దున ఈడనే నిలిపినాడు" అంది.

సాయంత్రం జమీల్ అన్నం ముందర కూర్చోగానే ముసలాయన ఆ రాయి తెచ్చి కంచం పక్కన పెట్టాడు.

"ఏంది నాయనా ఇది?"

"మరిచిపోయి వచ్చినావు. తెచ్చిచ్చినా."

"మరిచిపోలేదు. తీసేకి కాదు. నేను ముందర కూచోవల్ల, రాయి ఎనక ఉండాది. నాకేమన్నా నాలుగు చేతులుండాయా?"

"మీ బావను సంపినోడు గూడా ఇదే చెప్పింటాడు."

జమీల్ ముద్దను కంచంలోనే వదిలేశాడు. "రాయి పెట్టకపోతే కేశవ మాదిరి నేనూ మంచాన పడతా. అది బాగుంటాదా నీకు?"

"పెట్టొద్దని నేను అన్లేదే. పెట్టు. నువ్వు పోయినాక తీసేది నా పని."

"ఊరంతా నా ఎనకాల తిరుగుతావా?"

"ఊరంత యాడుండాది? ఈ మిట్టే కదా."

మర్నాటి నుంచి అదే వరుస. బండి ఆగినచోటల్లా ముసలాయన తువ్వాలు భుజాన వేసుకుని వెనక నిలబడేవాడు. బండి కదలగానే రాయి తీసి, చంకలో పెట్టుకుని, మళ్ళీ ఆగేచోటికి ఎక్కిపోయేవాడు. "నీ బండికి కొత్త క్లీనరు దొరికినాడు కదా జమీలూ, జీతమెంత?" అని నవ్వేది ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ. "జీతం లేదు పెద్దమ్మా, తిట్లే" అనేవాడు జమీల్.

నజ్మాకు నవ్వు రాలేదు. మిషను దగ్గర కూర్చుంటే వాకిట్లోంచి బండి పక్కనుంచి కనబడుతుంది, ముందు భాగమూ వెనక భాగమూ. ఊళ్ళో ఇంకెవరూ చూడనిది ఆమె చూసింది. ఆ బండి ముందుకు పోవాలంటే మొదట వెనక్కి రావాలి. బ్రేకు వదిలి మీట తిప్పేలోపు ట్యాంకు బరువు దాన్ని కిందికి లాగుతుంది. చక్రం రాయి మీదికి సగం ఎక్కి, ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగి, అప్పుడు ముందుకు కదులుతుంది. ఆ కాసేపట్లోనే తండ్రి రాయి పక్కన వంగి, చేయి చాపి ఉంటాడు. ఆయనకు చెవులు సరిగా పనిచేయవు. బండికి చప్పుడు లేదు. కొడుకు అద్దంలో పాప మోచేయి తప్ప తండ్రి లేడు.

ఒకరోజు చక్రం రాయి అంచు మీద నుంచి జారింది. తువ్వాలు కొస చక్రం కింద పడింది. ముసలాయన తువ్వాలు లాక్కుని, దులుపుకుని, ఏమీ జరగనట్టు రాయి తీసుకున్నాడు.

"నాయనా, నువ్వు ఎనక నిలబడొద్దు" అంది నజ్మా ఆ పూట.

"నిలబడకపోతే రాయి నడిచి వస్తాదా?"

"రాయి అట్లనే ఉండనీ."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చిందని నమ్మలేనట్టు చూశాడు. ఆమె తల దించుకుంది.

జమీల్ ఇంకో ఉపాయం చేశాడు. రాయికి బదులు తుమ్మ మొద్దు ఒకటి చెక్కించి, దానికి తాడు కట్టి, తాడు రెండో కొస బండికి ముడేశాడు. బండి పోతే మొద్దు వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంది. నాలుగు రోజులు ఇంట్లో అందరూ హాయిగా అన్నం తిన్నారు. అయిదో రోజు కంపెనీ సూపర్‌వైజర్ ప్రణీత్ బైకు మీద వచ్చాడు. చదువుకున్న పిల్లోడు, మర్యాదస్తుడే.

"తాడు తీసేయన్నా. బొమ్మ మీద గీతలు పడతాండాయి. పైవాళ్ళకు ఫోటో పోయింది, నన్ను తిడ్తాండారు."

"తీస్తా సార్. బ్రేకు నిలబడేటట్టు చేపియ్యి, ఇప్పుడే తీస్తా."

"బ్రేకుకేమైంది?" అని ప్రణీత్ తనే బండెక్కి, మిట్ట నడుమకు తోలి, ఆపి, బ్రేకు లాగి దిగాడు. బండి కదల్లేదు. అందరూ చూశారు. "చూడు, నిలబడిందా లేదా?"

అప్పటికి మధ్యాహ్నమైంది. ట్యాంకు ఖాళీ.

"నీళ్ళు పోసి చూడు సార్."

"టెస్టింగ్ అయిన బండన్నా ఇది. బెంగళూరు ఫ్యాక్టరీలో అన్నీ చూసే పంపిస్తారు."

"ఆ ఫ్యాక్టరీలో మిట్ట ఉండాదా సార్?"

"లేకపోతే మా ఊరిది ఎత్తకపోండప్పా," అంది సుబ్బలక్ష్మమ్మ, "మాకు అరగదీసుకునేకి మోకాళ్ళు లేవు."

నవ్వారు. ప్రణీత్ కూడా నవ్వాడు. నవ్వుతూనే తాడు కోయించి, మొద్దును రోడ్డు పక్కన వేయించి, కోసిన చోట ఫోటో తీసుకుని పోయాడు.

మళ్ళీ రాయి వచ్చింది. రాయి వెనకాలే ముసలాయన వచ్చాడు.

అప్పుడు నజ్మా ఒక కట్టుబాటు పెట్టింది. నీళ్ళు పట్టడం అయిపోయినా జమీల్ బండి కదిలించకూడదు. ఆమె తండ్రిని చేయి పట్టుకుని అరుగు మీదికి ఎక్కించి, తర్వాత పెట్టె రేకు మీద రెండు దెబ్బలు వేస్తుంది. లారీ క్లీనర్లు వేస్తారే, అలా. ఆ దెబ్బలు వింటేనే బ్రేకు వదలాలి. బండి పై ఇంటికి పోతే ఆమె కూడా పైకి పోతుంది. కుట్టే రవికె మిషను మీదే ఆగిపోతుంది.

"అక్కా, నువ్వు కొట్టేది బండినా, నన్నా? ఈడిదాకా అదురుతాండాది" అనేవాడు జమీల్.

"చెవులు అదిరితేనే బుర్ర పని చేస్తాది నీకు."

ఎండాకాలమంతా ఊరికి ఆ రెండు దెబ్బలు అలవాటైపోయాయి. ఎక్కడో రేకు మోగితే, నీళ్ళ బండి కదిలిందిలే అనుకునేవాళ్ళు. నజ్మాకు మాత్రం చెయ్యి ఎత్తిన ప్రతిసారీ గుండె ఒక పన్ను జారేది. వెనక్కి తిరిగి, తండ్రి అరుగు మీదున్నాడని ఇంకోసారి చూసుకునేది.

ఆషాఢం గాలి మొదలైన తర్వాత, ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న వాన ఒక రాత్రి కురిసింది. తెల్లారేసరికి ఊరు ఊరంతా చేలకు బయల్దేరింది. మా నేలలకు పదును ఎక్కువసేపు నిలవదు. ఎండెక్కి, గాలి తిరిగితే ఆ తేమ ఆవిరైపోతుంది, విత్తనం మట్టిలోనే మాడిపోతుంది. ఆ పూట ఎవరి కళ్ళలో చూసినా తొందరే.

జమీల్ బండి నిండు ట్యాంకుతో ఇమాం హుస్సేన్ ఇంటి ముందరే ఆగింది. సిమెంటు తడిసి నున్నగా ఉంది. రాయి చక్రం కింద పెట్టాడు గానీ, తడికి అది కూడా కొద్దికొద్దిగా జారుతోంది. చేలకు పోయేముందు నీళ్ళు పట్టుకోవాలని ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటున్నారు. బండి వెనక, కింద, ఎర్రన్న ట్రాక్టరు వచ్చి ఆగింది. ట్రాలీలో శెనక్కాయ విత్తనం మూటలు, మూటల మీద కూలోళ్ళు.

"ఏయ్ జమీలూ, తియ్యప్పా బండి! పదును పోతాండాది!"

"అయిపోయిందన్నా, రొంతసేపు!" అని అరిచి జమీల్ సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. బ్రేకు మీద చెయ్యి పెట్టుకుని, అక్క దెబ్బల కోసం చెవి పెట్టాడు.

సుబ్బలక్ష్మమ్మ క్యాను పెద్దది, ఆమె మోకాలు మడత పడదు. నజ్మా ఆ క్యాను అందుకుని రోడ్డు దాటి ఆమె వాకిట్లోకి పోయింది. దించి వచ్చేద్దామని. పోతూ చూసింది, తండ్రి అరుగు మీదే ఉన్నాడు.

అరుగు మీద నుంచి ముసలాయనకు రాయి కనబడుతోంది. అది జారుతోంది. ఒక వేలెడు. ఇంకో వేలెడు. దాని వెనక ఆడవాళ్ళు బిందెలెత్తుకుంటూ ఇంకా ఉన్నారు. ఆయన దిగాడు. "జరగండమ్మా, జరగండి" అని వాళ్ళను పక్కకు పంపి, వంగి, రాయిని మళ్ళీ చక్రం కిందికి బిగదోయడానికి రెండు చేతులూ పెట్టాడు.

ఎర్రన్న ట్రాక్టరు దిగి రోడ్డు రెండో వైపు నుంచి పైకి వచ్చాడు. ఆ వైపు నుంచి చూస్తే వెడల్పాటి పెట్టె, దాని మీద నవ్వుతున్న పాప. వెనక వంగిన మనిషి కనబడడు. మా వైపు దారి కావాలంటే ఎవరైనా చేసేదే ఆయనా చేశాడు. బస్సుకు చేస్తాం, లారీకి చేస్తాం, ఎడ్లబండికి కూడా చేస్తాం.

"పోనీ, పోనీ!" అని పెట్టె రేకు మీద రెండు దెబ్బలు వేశాడు.

సుబ్బలక్ష్మమ్మ వాకిట్లో క్యాను దించుతున్న నజ్మాకు ఆ చప్పుడు వినబడింది. తన చెయ్యి క్యాను మీదే ఉంది.

ఆమె అరిచిన అరుపుకు జమీల్ కాలి బ్రేకు తొక్కి, హ్యాండుబ్రేకు కూడా లాగాడు. బండి ఆగింది. ఆగిన చోట, చక్రానికీ రాయికీ నడుమ, ఆయన కుడిచెయ్యి ఉంది. ఆయన అరవలేదు. "రేయ్ జమీలూ" అన్నాడు మామూలుగా, పిలిచినట్టు.

జమీల్‌కు కాలు తీసేకి లేదు. తీస్తే బండి ఇంకా కిందికి వస్తుంది. ముందుకు తోలదామంటే, ముందుకు పోయేముందు అది వెనక్కి వస్తుంది. "అక్కా, ఏం చేయల్ల? చెప్పక్కా, ఏం చేయల్ల?" అని కూర్చున్నచోటి నుంచే ఏడ్చాడు. వెనక ఏముందో వాడికి ఇప్పటికీ కనబడటం లేదు.

"నీళ్ళు వదలండి!" అంది నజ్మా. "కుళాయిలన్నీ తిప్పండి! బరువు తగ్గితే ఎత్తచ్చు!"

ఆడవాళ్ళు కుళాయిలు తిప్పారు. నీళ్ళు రోడ్డు మీద పడి, మిట్ట మీద నుంచి వంక దాకా కాలవ కట్టాయి. గ్లాసెడు కోసం కొట్లాడుకునే నీళ్ళు. ఒక్కరూ బిందె పెట్టలేదు. ఎర్రన్న, ట్రాక్టరు కూలోళ్ళు పెట్టె కింద భుజాలు పెట్టి నిలబడ్డారు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఎంతసేపు పట్టిందో ఎవరూ చెప్పలేరు. అంతసేపూ నజ్మా తండ్రి తలను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళలోనే కూర్చుంది. లోపల నీళ్ళు ఊగినప్పుడల్లా సీటు కింద టక్‌మంటూనే ఉంది.

ఎర్రన్న విత్తనం మూటలు రోడ్డు మీదే దింపించి, ముసలాయన్ను ట్రాలీలో పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ పూట ఎర్రన్న చేనులో విత్తనం పడలేదు. చెయ్యిని మణికట్టు దాకా తీసేశారు.

ప్రణీత్ వచ్చాడు. ఈసారి నవ్వలేదు. రాయి ఎవరు పెట్టారు, ఎవరు ముట్టుకున్నారు, రేకు మీద ఎవరు కొట్టారు, అన్నీ అడిగాడు. బ్రేకు గురించి అడగలేదు. "నేనేం చేయల్ల అక్కా, పైవాళ్ళు ఇవే అడగమన్నారు" అని మాత్రం పోతూ పోతూ నజ్మాతో అన్నాడు. వెనక చూసుకోకుండా తోలాడని జమీల్‌ను పనిలోంచి తీసేశారు. వాడు ఇప్పుడు చావిడి అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఎవరైనా గోడ మీద చెయ్యి వేసి తడితే ఉలిక్కిపడతాడు.

ఊరికి నీళ్ళు కావాలి. కొన్నాళ్ళకు అదే బండి వచ్చింది, రామాంజనేయులు అనే కొత్త డ్రైవరుతో. బొమ్మ మీద గీతలు లేవు, కొత్త రంగు వేశారు. మిట్ట నడుమ ఆపి, దిగి, అటూ ఇటూ వెతికాడు. ఇమాం హుస్సేన్ ఇంటి గోడ పక్కన సరిపడా సైజు రాయి ఒకటి కనబడింది. తెచ్చి చక్రం కింద పెట్టాడు. ఆడవాళ్ళు చూశారు. నీళ్ళు పట్టుకున్నారు.

లోపల మంచం మీద ముసలాయన కదిలాడు.

"నజ్మా, బండి వచ్చిందా?"

"రాలేదు నాయనా."

"బిందెల చప్పుడైనట్టుంది."

"నీకు యాడ వినబడతాది? గమ్మున పడుకో."

ఆయన ఎడమ చేత్తో మంచం పట్టె తడుముతున్నాడు. తువ్వాలు కోసం. "ఈ చెయ్యి బాగానే ఉండాది" అన్నాడు. నజ్మా తువ్వాలు తీసి తన భుజాన వేసుకుని, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది.

బండి అప్పటికే కదిలి, నాలుగిళ్ళ పైన, చావిడి ముందర ఆగి ఉంది. రామాంజనేయులు దిగి ఇంకో రాయి కోసం చావిడి వెనక్కి పోయాడు. ఆ ట్యాంకులో నీళ్ళు ఇంకా సగానికి పైగా ఉన్నాయి. ఇక్కడ, వాకిలి ముందర, రోడ్డు నడుమ, రాయి.

కింద వంకలో నుంచి మోటారు సైకిల్ చప్పుడు వినబడింది. ఎవరో మిట్ట ఎక్కడానికి వేగం పెంచుతున్నారు.

నజ్మా రోడ్డు మీదికి దిగింది. పైకి ఒకసారి చూసింది. పచ్చటి పెట్టె మీద పాప ఆమెను చూసి నవ్వుతోంది. వంగి రెండు చేతులతో రాయిని పట్టుకుంది. అది చక్రం బరువుకు సిమెంటు పగుల్లోకి దిగి ఇరుక్కుపోయింది, లేవలేదు. మోకాలు ఆనించి మళ్ళీ లాగింది.

మోటారు సైకిల్ వంక దాటింది. పైన, మనిషి లేని సీటు కింద, టక్‌మంది.